హైటెన్షన్ లైనుకు పర్యావరణ పరీక్ష ఎక్కడ జరుగుతుంది?

సంక్షిప్తంగా: మన దేశంలో వందల కిలోమీటర్లు సాగే కరెంటు లైనుకు మొత్తంగా ఒక పర్యావరణ ప్రభావ నివేదిక గానీ, ఒక బహిరంగ విచారణ గానీ ఉండవు. అడవి తగిలిన చోట అటవీ శాఖ, అభయారణ్యం తగిలిన చోట వన్యప్రాణి బోర్డు, పొలాల్లో రెవెన్యూ శాఖ ఎవరి ముక్క వారు చూస్తారు. నష్టం ఎక్కడ, ఎంత అన్నది మాత్రం చాలావరకు రూటు గీసినప్పుడే తేలిపోతుంది. ఆ సమయానికి ఈ శాఖల్లో ఏదీ ఇంకా రంగంలోకి దిగి ఉండదు.

పొలంలోకి ముందుగా వచ్చేది సర్వే బృందం. చేతిలో జీపీఎస్ పరికరం, సంచిలో సున్నం, రెండు మూడు సిమెంటు రాళ్లు. గట్టు పక్కన ఒక రాయి పాతి, దాని మీద ఎర్ర రంగుతో ‘ఏపీ 47’ అని రాసి వెళ్తారు. ఇక్కడ ఏపీ అంటే ఆంధ్రప్రదేశ్ కాదు, యాంగిల్ పాయింట్. అంటే లైను మలుపు తిరిగే చోటు. రెండు రాళ్ల మధ్య లైను తిన్నగా పోతుంది కాబట్టి, ఈ రాళ్ల స్థానాలు ఖాయమైతే మధ్యలో ఉన్న ప్రతి పొలం, ప్రతి చెట్టు, ప్రతి చెరువు సంగతి ఖాయమైనట్టే. ఆరు నెలలకో ఏడాదికో టవర్ సామాను లారీల్లో దిగుతుంది. అప్పుడు ఊళ్లో ప్రశ్న పుడుతుంది: ఇంత పెద్ద లైనుకు పర్యావరణ అనుమతి ఉందా? ప్రజాభిప్రాయ సేకరణ ఎప్పుడు జరిగింది?

జాబితాలో లేని ప్రాజెక్టు

ఏయే ప్రాజెక్టులకు ముందస్తు పర్యావరణ అనుమతి కావాలో 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ షెడ్యూల్ చెబుతుంది. గనులు, థర్మల్ కేంద్రాలు, సిమెంటు ఫ్యాక్టరీలు, రహదారులు, ఓడరేవులు, విమానాశ్రయాలు, చివరికి కొండల మీద వేసే రోప్‌వేలు కూడా అందులో ఉన్నాయి. కరెంటు లైన్లు లేవు. 11 కేవీ అయినా 765 కేవీ అయినా అంతే. షెడ్యూల్‌లో లేదు కాబట్టి ప్రభావ నివేదిక రాయాల్సిన పని లేదు. నివేదిక లేదు కాబట్టి దాని మీద జరగాల్సిన బహిరంగ విచారణా లేదు.

దీని వెనక ఒక తర్కం ఉంది, అది పూర్తిగా తప్పు కూడా కాదు. లైను పొగ వదలదు, మురుగు నీరు వదలదు. టవర్ కాళ్లు పట్టే జాగా తక్కువ, తీగల కింద వరి, వేరుశనగ పండుతూనే ఉంటాయి. కానీ ఈ లెక్క టవర్‌ను చూస్తుంది, కారిడార్‌ను చూడదు. తీగలకు ఇరువైపులా కలిపి ఖాళీగా ఉంచాల్సిన మొత్తం వెడల్పు, అంటే కారిడార్, 132 కేవీకి 27 మీటర్లు, 220 కేవీకి 35, 400 కేవీకి 46, రెండు సర్క్యూట్ల 765 కేవీకి 67 మీటర్లు. 67 మీటర్ల వెడల్పు అంటే కిలోమీటరుకు 6.7 హెక్టార్లు, దాదాపు 16 ఎకరాల 55 సెంట్లు. 300 కిలోమీటర్ల లైను రెండు వేల హెక్టార్ల పైచిలుకు నేల మీద షరతులు పెడుతుంది. టవర్లు సగటున 400 మీటర్లకు ఒకటి చొప్పున లెక్కేస్తే ఏడు వందల యాభై.

ఈ ప్రశ్న ఇప్పుడు తరచుగా వినబడటానికి కారణం సౌర, పవన విద్యుత్తు. బొగ్గును రైల్లో తెచ్చి ఊరి దగ్గరే మండించవచ్చు. ఎండ, గాలి ఉన్న చోటే దొరుకుతాయి, అక్కడి నుంచి తీగ మీదే రావాలి. 2030 నాటికి 500 గిగావాట్ల శిలాజేతర సామర్థ్యాన్ని గ్రిడ్‌కు కలపడానికి కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2022 డిసెంబరులో ఒక ప్రణాళిక విడుదల చేసింది. అందులో కొత్త లైన్లు సుమారు 51 వేల సర్క్యూట్ కిలోమీటర్లు (ఒకే టవర్ల మీద రెండు సర్క్యూట్లు పోతే ఆ పొడవును రెండుసార్లు లెక్కిస్తారు), ఖర్చు 2.44 లక్షల కోట్ల రూపాయలు. కర్నూలు, అనంతపురం ప్రాంతాలు అందులో ముఖ్యమైన కేంద్రాలు.

రూటు ఎలా పుడుతుంది

అంతర్రాష్ట్ర లైన్లు ఇప్పుడు ఎక్కువగా టెండర్ల ద్వారా ఖరారవుతాయి. టెండర్ నిర్వహించే సంస్థ ప్రాథమిక సర్వే చేయించి ఒక సూచనప్రాయమైన రూటు ఇస్తుంది. తక్కువ రేటు కోట్ చేసి గెలిచిన సంస్థ దాన్ని తన ఖర్చుతో, తన బాధ్యత మీద మార్చుకోవచ్చు. ఉపగ్రహ చిత్రాలు, సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్లు పెట్టుకుని సాధారణంగా మూడు ప్రత్యామ్నాయ రూట్లు గీస్తారు. మొత్తం పొడవు, అందులో అడవి పొడవు, యాంగిల్ టవర్ల సంఖ్య, నదులు, రైలు మార్గాలు, పాత లైన్లు ఎన్ని చోట్ల దాటాలి, రోడ్డుకు ఎంత దగ్గర అన్న వరుసలతో ఒక పట్టిక వేస్తారు. ఒకటి ఎంచుకున్నాక నడిచి చూసే సర్వే, వివరమైన సర్వే, పునాదులకు ముందు చెక్ సర్వే జరుగుతాయి.

పట్టికలో లేని విషయమే ఇక్కడ గమనించాలి. లైనుకు వంకర అంటే ఖర్చు. నేరుగా పోయే చోట టవర్ తీగ బరువును మోస్తే చాలు. మలుపు దగ్గర రెండు వైపుల లాగుడునూ తట్టుకోవాలి. అందుకే పదునైన మలుపు టవర్‌కు మామూలు టవర్‌తో పోలిస్తే రెట్టింపు స్థాయిలో ఉక్కు, పెద్ద పునాది కావాలి. ఒక కుంటను, ఒక కొబ్బరి తోటను తప్పించడానికి పక్కకు జరిగి మళ్లీ దారిలోకి రావాలంటే రెండు మూడు మలుపులు పడతాయి. రేటు కోట్ చేసి గెలిచిన సంస్థకు ఆ మలుపుల డబ్బు తిరిగి రాదు.

అడవి విషయంలో లెక్క వేరు. అటవీ అనుమతికి పట్టే కాలం లైను పూర్తి చేయాల్సిన గడువును మింగేస్తుంది. కాబట్టి సంస్థలు డబ్బు ఎక్కువైనా అడవిని తప్పిస్తాయి. ఇది మంచిదే, చట్టం కోరుకున్నదీ ఇదే. కానీ తప్పించిన లైను గాల్లోకి పోదు. పొలాల మీదికి, రికార్డుల్లో బంజరు, పోరంబోకు అని రాసి ఉన్న గడ్డి నేలల మీదికి వస్తుంది. ఆ రెండు చోట్లా పర్యావరణ కోణంలో అడిగే శాఖ లేదు.

అడవి వరకే పరీక్ష

అడవి తప్పనిచోట పని కేంద్ర పర్యావరణ శాఖ అనుమతుల వెబ్‌సైటు పరివేష్‌లో దరఖాస్తుతో మొదలవుతుంది. డిఫరెన్షియల్ జీపీఎస్‌తో కొలిచిన హద్దుల ఫైలు, ప్రత్యామ్నాయ రూట్ల పోలిక, చెట్ల లెక్క జత చేయాలి. డీఎఫ్‌ఓ (డివిజనల్ అటవీ అధికారి) క్షేత్రంలో చూసి రాస్తారు. ఆ ఫైలు రాష్ట్ర నోడల్ అధికారి మీదుగా కేంద్ర పర్యావరణ శాఖ ప్రాంతీయ కార్యాలయానికి చేరుతుంది. లైన్ల వంటి పొడవాటి ప్రాజెక్టులను విస్తీర్ణంతో పని లేకుండా ప్రాంతీయ స్థాయిలోనే తేల్చేలా 2023 నిబంధనలు చేశారు. మొదటి దశలో సూత్రప్రాయ అనుమతి, షరతులు నెరవేర్చాక రెండో దశలో తుది అనుమతి. మొదటి దశ రాగానే కట్టాల్సినవి కట్టేస్తే చెట్లు కొట్టి పని మొదలుపెట్టుకునే వెసులుబాటు ఈ తరహా ప్రాజెక్టులకు ఉంది. అంటే తుది అనుమతి చేతికి వచ్చేసరికి టవర్లు లేచి ఉండవచ్చు.

డబ్బు చిన్నది కాదు. అడవి విలువకు బదులుగా కట్టే నికర ప్రస్తుత విలువను 2022లో పెంచారు. అడవి రకాన్ని బట్టి అది హెక్టారుకు రూ.9.57 లక్షల నుంచి రూ.15.95 లక్షల దాకా ఉంటుంది. అభయారణ్యమైతే దానికి 5 రెట్లు, జాతీయ పార్కయితే 10 రెట్లు. ప్రత్యామ్నాయ వనాల పెంపకం ఖర్చు వేరు. రక్షిత ప్రాంతాలకు జాతీయ వన్యప్రాణి బోర్డు స్థాయీ సంఘం ముందుకూ వెళ్లాలి. పులుల అభయారణ్యాన్ని, పులులు రాకపోకలు సాగించే దారిని తాకితే జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ సలహా అవసరం. చంద్రపూర్ వైపు నుంచి ఆసిఫాబాద్ మీదుగా తెలంగాణలోకి దిగే లైనుకు ఈ ప్రశ్న ఎదురవుతుంది. అది తాడోబా, కవ్వాల్ మధ్య పులుల దారి.

అడవిలో కారిడార్ చేసే పని నరికిన చెట్లతో ముగియదు. గొడుగులా ఉన్న పందిరి చీలి నేల మీద ఎండ పడగానే లాంటానా, వయ్యారిభామ వంటివి ముందు మొలుస్తాయి. ఎండిన ఆ పొదలు వేసవిలో నిప్పును ఒక గుట్ట నుంచి ఇంకో గుట్టకు మోస్తాయి. నిర్వహణ కోసం వదిలిన బాట వేటగాళ్లకూ, కలప దొంగలకూ దారి అవుతుంది. అయితే ఒక విషయం కలిపేసుకోకూడదు. అడవుల్లో తీగ తగిలించి జంతువులను చంపే ఘటనలు 11 కేవీ, అంతకన్నా తక్కువ వోల్టేజీ లైన్ల మీద జరిగేవి. 400 కేవీ లైనుకు కొక్కెం వేయడం ఎవరికీ సాధ్యం కాదు. ఆ చిన్న లైన్లకు పరిష్కారం వేరు: కవరు వేసిన తీగలు, లోపం రాగానే తెగే రక్షణ పరికరాలు.

గ్రామసభ మాటేమిటి? అటవీ హక్కుల చట్టం కింద అటవీ భూమి మళ్లింపునకు గ్రామసభ సమ్మతి కావాలని 2009 ఆగస్టు 3 నాటి సర్క్యులర్ చెప్పింది. 2013 ఫిబ్రవరి 5న వచ్చిన మరో సర్క్యులర్ రోడ్లు, కాలువలు, కరెంటు లైన్ల వంటివాటిని దాని నుంచి మినహాయించింది. ఒక్క మెలిక ఉంది. ఆదిమ గిరిజన తెగల హక్కులకు భంగం కలిగితే ఆ మినహాయింపు వర్తించదు. నల్లమల చెంచులు, ఆదిలాబాద్ కొలాములు, గోదావరి తీరపు కొండరెడ్లు ఆ జాబితాలోని వారే. వారి గూడేల మీదుగా పోయే లైనుకు సమ్మతి తీర్మానం ఫైలులో ఉందో లేదో చూడాల్సిందే.

ఇప్పుడు పైన చెప్పిన 300 కిలోమీటర్ల లైనునే తీసుకుని, అందులో 12 కిలోమీటర్లు అడవి అనుకుందాం. ఈ అనుమతులన్నీ పరిశీలించేది 80 హెక్టార్లను. మిగిలిన 288 కిలోమీటర్లలో 1,930 హెక్టార్ల కారిడార్ ఉంది. దాని మీద కుంటలు, వలస పక్షుల తావులు, గడ్డి మైదానాలు ఉన్నాయా లేవా అని ఏ సంస్థా చట్టప్రకారం అడగదు. పరీక్ష నేల స్వభావాన్ని బట్టి కాక, రికార్డులో రాసిన పేరును బట్టి నడుస్తోంది. ప్రపంచ బ్యాంకు, ఆసియా అభివృద్ధి బ్యాంకు అప్పుతో కట్టే లైన్లకు మాత్రం ఆ బ్యాంకుల నియమాల వల్ల మొత్తం రూటు మీద అధ్యయనం జరుగుతుంది. కేంద్ర ప్రభుత్వ లైన్ల సంస్థ పవర్‌గ్రిడ్ 1998లోనే సొంత పర్యావరణ, సామాజిక విధానం రాసుకుంది. చేయగలమనడానికి ఇవే రుజువు. కాకపోతే అవి అందరినీ కట్టిపడేసే చట్టాలు కావు.

బట్టమేకపిట్ట, సన్న తీగ

రికార్డుకూ నేలకూ ఉన్న ఈ తేడాకు మూల్యం చెల్లించిన పక్షి బట్టమేకపిట్ట. నంద్యాల జిల్లా రోళ్లపాడు గడ్డి మైదానాన్ని 1988లో అభయారణ్యం చేసింది ప్రధానంగా దీని కోసమే. దాని విస్తీర్ణం 614 హెక్టార్లు. పక్షి మేసేది మాత్రం చుట్టుపక్కల చేలల్లో, బీళ్లలో. హద్దు రాయి దాటితే దానికి రక్షణ లేదు.

ఇది తీగలకు ఎందుకు కొట్టుకుంటుందో తెలిస్తే పరిష్కారం ఎందుకు కష్టమో అర్థమవుతుంది. బరువు పదిహేను కిలోల దాకా పెరుగుతుంది, ఆఖరి క్షణంలో పక్కకు తిరగలేదు. కళ్లు తలకు ఇరుపక్కలా ఉంటాయి, ఎదుటి చూపు ఇరుకు. ఎగురుతూ నేల వైపు తల వంచిందంటే ముందున్నది కనబడదు. ఇక లైను వైపు చూస్తే, 765 కేవీ రెండు సర్క్యూట్ల లైనులో ఒక్కో ఫేజుకు సుమారు 28 మిల్లీమీటర్ల తీగలు ఆరేసి గుత్తిగా ఉంటాయి. దూరానికి కూడా కనబడతాయి. వాటికి పైన, పిడుగులను పట్టడానికి కట్టిన ఎర్త్ వైరు మందం సుమారు 11 మిల్లీమీటర్లే, చిటికెన వేలంత. గుత్తిని చూసిన పక్షి పైకి లేస్తుంది, కనబడని ఆ సన్న తీగకు తగులుతుంది. షాక్ వల్ల కాదు, దెబ్బ వల్ల చనిపోతుంది.

భారత వన్యప్రాణి సంస్థ 2020లో ఇచ్చిన నివేదిక ప్రకారం థార్ ఎడారిలో మిగిలిన సుమారు 128 బట్టమేకపిట్టల్లో ఏటా 18 తీగలకు తగిలి చనిపోయే అవకాశం ఉంది. అక్కడి 4,200 చదరపు కిలోమీటర్లలో అన్ని జాతులూ కలిపి ఏటా దాదాపు 84 వేల పక్షులు చనిపోతున్నాయని అంచనా. దీని ఆధారంగా 2021 ఏప్రిల్ 19న సుప్రీంకోర్టు రాజస్థాన్, గుజరాత్‌లలోని ఆవాసాల్లో లైన్లను భూగర్భంలోకి మార్చాలని ఆదేశించింది. అది అమలు కాదని కేంద్రం తిరిగి వెళ్లింది. 2024 మార్చి 21న కోర్టు దాదాపు 99 వేల చదరపు కిలోమీటర్లకు వర్తించిన ఆ ఆదేశాన్ని సడలించి, ఎక్కడ ఏది సాధ్యమో తేల్చే పని నిపుణుల కమిటీకి అప్పగించింది. రూటు గీసేటప్పుడు అడగాల్సిన ప్రశ్న టవర్లు లేచాక దేశ అత్యున్నత న్యాయస్థానం ముందుకు వెళ్లింది.

ఎర్త్ వైరుకు కట్టే బర్డ్ డైవర్టర్లు, అంటే గాలికి తిరిగే రంగు బిళ్లలు, కొంత మేలు చేస్తాయి. పక్క చూపున్న పక్షుల విషయంలో ఆ మేలు తక్కువ. ఎండకు రంగు వెలిసి, బిగింపు సడలి రాలిపోతే మళ్లీ కట్టేదెవరో అనుమతి షరతుల్లో రాసి ఉండాలి. చాలాసార్లు కట్టే షరతే ఉంటుంది, మార్చే షరతు ఉండదు.

భూమిలో పాతిపెడితే?

ప్రతి గ్రామంలోనూ వచ్చే ప్రశ్న ఇది. గాల్లో తీగకు గాలే ఇన్సులేషన్. కేబుల్‌లో తీగకూ బయటి లోహపు పొరకూ మధ్య కొద్దిపాటి ఇన్సులేషనే ఉంటుంది కాబట్టి అది పొడవాటి కెపాసిటర్‌లా పనిచేస్తుంది. ఏసీ కరెంటు సెకనుకు 50 సార్లు దాన్ని నింపుతూ, ఖాళీ చేస్తూ ఉండాలి. 400 కేవీలో కొన్ని పదుల కిలోమీటర్లు దాటేసరికి కేబుల్ మోసే శక్తిలో పెద్ద భాగం దీనికే పోతుంది. మధ్య మధ్య దీన్ని సరిచేసే రియాక్టర్లనే విద్యుత్ పరికరాలు పెట్టాలి. ఖర్చు అనేక రెట్లు. అర కిలోమీటరుకో కిలోమీటరుకో ఒక జాయింటు గొయ్యి. లోపం వస్తే వెతికి సరిచేయడానికి వారాలు. కందకం మీద లోతు వేళ్ల చెట్లు పెంచకూడదు.

ఒకే దిశలో పారే డీసీ కరెంటుకు ఈ ఇబ్బంది లేదు. తమిళనాడులోని పుగలూరు నుంచి కేరళలోని త్రిస్సూరుకు వేసిన 320 కేవీ, 2,000 మెగావాట్ల డీసీ మార్గంలో, మొత్తం 165 కిలోమీటర్లలో, సుమారు 27 కిలోమీటర్లు కేరళలో భూగర్భ కేబుల్. ఇళ్లు కిక్కిరిసిన చోట లైను గాల్లో వేయడానికి దారి దొరక్క చేసిన పని అది. రాయ్‌గఢ్-పుగలూరు 800 కేవీ డీసీ లైను 69 మీటర్ల కారిడార్‌లో 6,000 మెగావాట్లు మోస్తుంది. అంత విద్యుత్తుకు 400 కేవీ లైన్లయితే నాలుగైదు కారిడార్లు కావాలి. అయితే రెండు చివర్లలో ఏసీని డీసీగా, డీసీని ఏసీగా మార్చే కన్వర్టర్ కేంద్రాల ఖర్చు భారీ. దూరం ఆరు, ఏడు వందల కిలోమీటర్లు దాటితేనే గిట్టుబాటు.

పొలంలో ఏం జరుగుతుంది

టవర్ లైనుకు భూసేకరణ జరగదు. విద్యుత్ చట్టం 2003లోని 164వ సెక్షన్ కింద ఇచ్చే అధికారంతో, 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం 10, 16 సెక్షన్ల ప్రకారం సంస్థ పొలంలోకి దిగుతుంది. 2023 టెలికాం చట్టం పాత చట్టాన్ని రద్దు చేసినా, ఈ పని వరకు దాని మూడో భాగాన్ని ఉంచింది. పట్టా రైతు పేరనే ఉంటుంది. రైతు అడ్డుకుంటే కలెక్టర్ అనుమతి ఇప్పించవచ్చు. పరిహారం చాలకపోతే రైతు జిల్లా జడ్జి దగ్గరకు వెళ్లవచ్చు. ‘సాధ్యమైనంత తక్కువ నష్టం చేయాలి, పూర్తి పరిహారం ఇవ్వాలి’ అన్నది చట్టంలో ఉన్న షరతే.

కేంద్ర విద్యుత్ శాఖ 2015లో టవర్ జాగాకు భూమి విలువలో 85 శాతం, కారిడార్‌కు 15 శాతం వరకు సూచించింది. 2024 జూన్‌లో వాటిని 200, 30 శాతాలకు పెంచింది. ఉదాహరణకు ఎకరం విలువ రూ.20 లక్షలు, పొలంలో 400 కేవీ లైను 200 మీటర్లు పోతుంది, ఒక టవర్ 17 మీటర్ల చదరంలో ఉంది అనుకుందాం. కారిడార్ 2.27 ఎకరాలు, దానికి పాత లెక్కన గరిష్ఠంగా రూ.6.8 లక్షలు, కొత్త లెక్కన రూ.13.6 లక్షలు. టవర్ జాగా 7 సెంట్లు, దానికి సుమారు రూ.1.2 లక్షల నుంచి రూ.2.9 లక్షలకు పెరుగుతుంది. ఇవి మార్గదర్శకాలే. రాష్ట్రం ఉత్తర్వు ఇస్తేనే అమలు. గొడవ ఎక్కువగా వచ్చేది శాతం దగ్గర కాదు, ‘విలువ’ దగ్గర. రిజిస్ట్రేషన్ విలువ వేరు, ఊళ్లో అమ్మకం ధర వేరు. కొబ్బరి, మామిడి, ఆయిల్ పామ్, టేకు వంటివి కారిడార్‌లో మళ్లీ పెంచనివ్వరు, కాబట్టి పోయేది ఒక పంట కాదు, తోట.

కారిడార్‌లో ఇల్లు, షెడ్డు కట్టకూడదు. ఇనుప కంచె ఉంటే దానికి ఎర్తింగ్ వేయించాలి. లేకపోతే తీగ తాకకపోయినా ప్రేరిత వోల్టేజీతో చురుక్కుమంటుంది. బోరు బండి మాస్టు లైను కింద లేపడం ప్రాణాంతకం. కొత్త బోరు వేయదలిస్తే తీగలు లాగకముందే జాగా చూసుకోవాలి.

అమెరికాలో ఒకే నివేదిక, పదిహేనేళ్లు

మొత్తం లైనుకు ఒకే పరీక్ష ఉంటే ఎలా ఉంటుందో సన్‌జియా ప్రాజెక్టు చూపిస్తుంది. న్యూమెక్సికో గాలిని అరిజోనాకు తెచ్చే ఈ లైను పొడవు దాదాపు 885 కిలోమీటర్లు, సామర్థ్యం 3,000 మెగావాట్లు. జాతీయ పర్యావరణ విధాన చట్టం కింద దరఖాస్తు పడింది 2008లో. ప్రతి ప్రత్యామ్నాయ రూటునూ, అసలు లైనే లేకపోతే ఏమవుతుందన్నదాన్నీ పోల్చి రాసి, ముసాయిదా మీద జనం అభిప్రాయాలు తీసుకుని, వాటికి జవాబులు ముద్రించారు. 2015లో అనుమతి వచ్చింది. క్షిపణి పరీక్షా కేంద్రాన్ని తప్పించే మార్పులతో మళ్లీ సమీక్ష జరిగి 2023 మేలో రెండో అనుమతి వచ్చింది. శాన్ పెడ్రో లోయ తమకు పవిత్రమని టొహోనో ఓధమ్, శాన్ కార్లోస్ అపాచీ ప్రజలు 2024 జనవరిలో కోర్టుకు వెళ్లారు. కింది కోర్టు కొట్టేసింది. 2025 మేలో అప్పీలు కోర్టు, చారిత్రక స్థలాల చట్టం కింద సంప్రదింపులపై వారి వాదన విచారించదగినదేనంది. అప్పటికి నిర్మాణం చాలా దూరం వచ్చేసింది.

పదిహేనేళ్లు ఏ దేశానికీ గర్వకారణం కాదు. అమెరికా కూడా 2023లో చట్టం మార్చి పెద్ద నివేదికకు రెండేళ్లు, 150 పేజీల హద్దు పెట్టింది. కానీ అక్కడి జాప్యాన్ని చూపి ఇక్కడ పరీక్షే వద్దనడం సరికాదు. మొత్తం రూటు మీద, పక్షులు, నీటి తావులు, గడ్డి నేలలు, తోటలు కలిపి, టెండర్‌కు ముందే ఒక ఏడాది అధ్యయనం జరిగితే గెలిచిన సంస్థకూ తర్వాతి జాప్యం తగ్గుతుంది. మలుపుల ఖర్చు రేటులోనే కలుస్తుంది.

ఏ కాగితం, ఎప్పుడు

ఉన్న పద్ధతిలోనే కొన్ని కిటికీలు ఉన్నాయి. లైను పోయే ఊళ్ల పేర్లతో పత్రికల్లో ప్రకటన వస్తుంది, అభ్యంతరాలకు సాధారణంగా రెండు నెలలు గడువు ఇస్తారు. చాలామంది దాన్ని చిట్ట చివరి పేజీ టెండర్ ప్రకటన అనుకుని వదిలేస్తారు. ఊరి పేరు కనబడితే సర్వే నంబరు, తోట వయసు, చెట్ల లెక్క, బోరు, కుంట, పక్షుల గూళ్లతో ఫొటోలు జతచేసి రిజిస్టర్డ్ పోస్టులో పంపాలి. ‘లైను వద్దు’ అన్న అభ్యంతరం కన్నా ‘ఏపీ 47 నుంచి 48 వరకు ఇన్ని మీటర్లు తూర్పుకు జరిపితే ఈ కుంట తప్పుతుంది’ అన్నది పని చేస్తుంది. పక్కనే ప్రభుత్వ బాట, పాత లైను ఉంటే అది రాయాలి.

అటవీ భాగం ఫైలు, హద్దుల మ్యాపు పరివేష్‌లో వెతికితే దొరుకుతాయి. ఆ హద్దుల ఫైలును ఫోన్‌లో ఉపగ్రహ మ్యాపు మీద తెరిచి, నేల మీద పాతిన రాళ్లతో సరిపోల్చుకోవచ్చు. రెండూ కలవకపోతే ఆ తేడాను మొదటి దశ అనుమతికి ముందే డీఎఫ్‌ఓకూ ప్రాంతీయ కార్యాలయానికీ రాతపూర్వకంగా తెలపాలి. చెట్లు కొట్టే రోజు పంచనామాలో జాతి, చుట్టుకొలత, కాపు వయసు రాయించి, నకలు తీసుకోవాలి. తర్వాత జిల్లా జడ్జి ముందు పరిహారం పెంచమని అడిగేటప్పుడు ఆధారంగా నిలిచేది ఆ నకలే.